సిద్దెలో నూనె: ప్రభువు రాకడకు ఇంటిని సిద్ధం చేసుకోవడం ఎలా

మత్తయి సువార్త 25వ అధ్యాయంలోని పదిమంది కన్యకల ఉపమానాన్ని సండే స్కూలు రోజుల నుండి వింటూనే ఉన్నా, అందులోని ఒక మాటను మనలో చాలామందిమి గమనించకుండా దాటిపోతాము. పెండ్లికుమారుడు ఆలస్యం చేసినప్పుడు బుద్ధిలేని అయిదుగురే కాదు, బుద్ధిగల అయిదుగురు కూడా కునికి నిద్రపోయారు. ప్రభువు ఆ నిద్రను తప్పుపట్టలేదు. అర్ధరాత్రి కేక వినబడ్డాక పదిమందీ లేచారు, పదిమందీ దివిటీలు చక్కపరచుకున్నారు. తేడా అంతా పడుకోక ముందే సిద్దెలో, అంటే నూనె పాత్రలో, నూనె పోసి పెట్టుకున్నారా లేదా అన్న దగ్గరే వచ్చింది. కాబట్టి రాకడకు, అంటే యేసు ప్రభువు తిరిగి వచ్చే దినానికి, సిద్ధపడడమంటే కంటిమీద కునుకు లేకుండా భయపడుతూ కూర్చోవడం కాదు, ఆ వేళకు ఎవరి దగ్గరా అప్పు దొరకని వాటిని ముందుగానే సమకూర్చుకోవడం. చిత్తూరు, తిరుపతి ప్రాంతపు సంఘాలలో చాలా ఏళ్లుగా సంఘపెద్దగా సేవ చేస్తూ, ఇళ్లలో ప్రార్థనలు జరిపిస్తూ, కొందరి చివరి గడియలలో మంచం పక్కన కూర్చున్న అనుభవంతో, ఆ పనిని ఒక ఇంట్లో ఎలా మొదలుపెట్టాలో, ఏ వరుసలో సాగించాలో ఇక్కడ రాస్తున్నాను.

మొట్టమొదట చేయవలసింది తేదీల జోలి మానుకోవడం. ఆ దినమూ ఆ గడియా తండ్రికి తప్ప దూతలకైనా కుమారునికైనా తెలియవని మత్తయి 24:36లో ప్రభువే చెప్పాడు. పునరుత్థానుడైన తరువాత శిష్యులు మళ్లీ ఆ సంగతే ఎత్తినప్పుడు, కాలములను సమయములను తెలుసుకోవడం మీ పని కాదని అపొస్తలుల కార్యములు 1:7లో ఆ తలుపును పూర్తిగా మూసివేశాడు. అయినా లెక్కలు వేసేవారు ఏ కాలంలోనూ ఆగలేదు. అమెరికాలో విలియం మిల్లర్ బోధ విన్నవారు వేలాదిగా 1844 అక్టోబరు 22న ప్రభువు వస్తాడని నమ్మారు, కొందరు రైతులు పండిన పంటను కోయకుండానే వదిలేశారు. ఆ దినం గడిచిపోయాక వారికి తగిలిన దెబ్బ ‘మహా నిరాశ’ అన్న పేరుతో చరిత్రలో మిగిలింది. హెరాల్డ్ క్యాంపింగ్ అనే రేడియో బోధకుడు 2011 మే 21 అని ప్రకటించి, ఆ దినమూ గడిచాక, మరుసటి ఏడు తన లెక్క తప్పని తానే ఒప్పుకున్నాడు. ఆ వేసవిలోనే మా ప్రార్థన కూటానికి వచ్చే ఒక పాడి రైతు నన్ను పక్కకు పిలిచి, ‘అయ్యా, ఆవును అమ్మేసేదా, ఉంచేదా?’ అని అడిగాడు. ఆ ఆవు మీద ఆయనకు బ్యాంకు అప్పు ఉంది, ఆ పాల మీదనే పిల్లల బడి ఫీజు నడుస్తోంది. ఆయన ముఖంలోని కలవరం నాకు ఇప్పటికీ గుర్తుంది. రేపు సాయంత్రం కూడా పాలు పిండి కేంద్రంలో పోయమని, అది కూడా ప్రభువు చూసే పనేనని చెప్పాను.

మీ ఫోనుకు ఇలాంటి సందేశం గాని వీడియో గాని వచ్చినప్పుడు, అందులో తేదీయో సంవత్సరమో చెప్పి ఉంటే దానిని ఇంకొకరికి పంపకండి. అందులో ఎత్తిచూపిన వచనాన్ని బైబిలు తెరిచి, దానికి ముందు పది వచనాలు, తరువాత పది వచనాలు కలిపి చదవండి. చివరకు డబ్బు అడిగితే అక్కడితో ఆపేయండి. తేదీ తెలియకపోయినా సిద్ధంగా ఉండవచ్చు. 2021 నవంబరులో తిరుపతిని వరద ముంచెత్తి, రాయలచెరువు కట్టకు ప్రమాదం వచ్చి కింది ఊళ్లను ఖాళీ చేయించినప్పుడు, మా బంధువులలో ఒకరి ఇంట్లో పాసుపుస్తకం, ఆధార్ కార్డులు, ముసలామె మందులు అప్పటికే ఒకే సంచిలో ఉన్నాయి; వారు పది నిమిషాల్లో బయలుదేరారు. ఏది ఎక్కడ ఉందో తెలియని పక్కింటివారు బీరువా వెదుకుతూ చాలాసేపు అక్కడే ఉండిపోయారు. కట్ట నిలిచింది, ఆ ఇళ్లవారికి ఏమీ కాలేదు గాని, అది ఏ గంటకు తెగుతుందో, అసలు తెగుతుందో లేదో ఆ రెండు ఇళ్లలో ఎవరికీ తెలియదన్న సంగతి మాత్రం నా మనస్సులో నాటుకుపోయింది.

తరువాతి పని వాక్యాన్ని క్రమంగా చదవడం. రాకడ అనగానే చాలామంది ప్రకటన గ్రంథం తెరుస్తారు, ముద్రలూ బూరలూ పాత్రలూ చదివి తికమకపడి మూసేస్తారు. దానిని మొదట చదవకండి. మొదటి థెస్సలొనీకయ పత్రికతో ప్రారంభించండి. పౌలు కొరింథులో ఉండి సుమారు క్రీస్తు శకం 50, 51 ప్రాంతంలో రాసిన ఈ పత్రికలో 5 అధ్యాయాలు, 89 వచనాలే ఉన్నాయి. ప్రతి అధ్యాయం చివరి భాగంలో రాకడ మాట తప్పకుండా వస్తుంది, వచ్చిన ప్రతిసారీ దానితోపాటు ఒక నడవడి కూడా వస్తుంది: మొదటి అధ్యాయంలో జీవముగల దేవుని సేవించడం, రెండవదానిలో తాను నడిపించిన విశ్వాసులే తనకు కిరీటమన్న కాపరి మనస్సు, మూడవదానిలో ప్రేమలో అభివృద్ధి పొందడం, నాల్గవదానిలో చనిపోయిన ఆత్మీయుల గురించి నిరీక్షణ లేనివారిలా దుఃఖించకపోవడం, అయిదవదానిలో ఆత్మ, జీవము, శరీరము మూడూ నిందారహితంగా కాపాడబడడం. సోమవారం నుండి శుక్రవారం వరకు రోజుకు ఒక అధ్యాయం, శనివారం మత్తయి 24, ఆదివారం సాయంత్రం మత్తయి 25 చదివితే ఒక వారం నిండుతుంది. రెండవ వారంలో 2 థెస్సలొనీకయ మూడు అధ్యాయాలు, తరువాత లూకా 12:35-48, తీతుకు 2:11-14, యాకోబు 5, 2 పేతురు 3 పెట్టుకోండి. ఇంట్లో అందరూ కూర్చున్నప్పుడు ఒకరు బిగ్గరగా చదవాలి. చదవడం రాని పెద్దవారు ఉంటే వారి పక్కన కూర్చొని చదవాలి. చదివాక ఒకే ప్రశ్న వేసుకోండి: ఇందులో రేపు నేను చేయవలసిన పని ఏది?

ఎత్తబడడం, అంటే విశ్వాసులు ప్రభువును కలుసుకోవడానికి ఆకాశానికి కొనిపోబడడం, లోకం మీదికి వచ్చే శ్రమల కాలానికి ముందా, తరువాతా అన్న విషయంలో మన సంఘాల మధ్య భేదాలున్నాయి. పెంతెకొస్తు సంఘంలో ఒక విధంగా వింటారు, లూథరన్, సీఎస్ఐ సంఘాల ఆరాధనలో సజీవులకును మృతులకును తీర్పు తీర్చుటకు ఆయన వచ్చునని విశ్వాస ప్రమాణంలో ఒప్పుకొని అంతటితో ఆగుతారు. ఆ భేదాలను చిన్నవని నేను అనను. కానీ ఈ వ్యాసంలో చెబుతున్న పనులలో ఏ ఒక్కటీ ఆ వాదం తేలేదాకా ఆగవలసినది కాదు.

ఇప్పుడు అన్నిటికంటె కష్టమైనదీ, నా ఉద్దేశంలో అన్నిటికంటె ముఖ్యమైనదీ అయిన పనికి వస్తున్నాను. ఒక చిన్న నోటు పుస్తకం తీసుకోండి. ఎడమ పేజీలో మీరు ఇతరులకు చెల్లించవలసినవి, కుడి పేజీలో మీరు ఇతరులకు చేసిన అన్యాయాలు రాయండి. మీకు రావలసినవీ, మీకు ఇతరులు చేసినవీ ఇందులో రాయకండి; ఆ జాబితా మనస్సులో ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. లూకా సువార్తలో పన్నులు వసూలు చేసే జక్కయ్య ఇంటికి ప్రభువు వచ్చిన దినాన ఆయన పాట పాడలేదు, సాక్ష్యం చెప్పలేదు. ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానని లెక్క చెప్పాడు. ప్రభువు మన ఇంటికి వచ్చే దినానికి సిద్ధపడేవారికి అంతకంటె మంచి మాదిరి నాకు కనబడదు.

ఎడమ పేజీలో ఏమేమి రావచ్చో కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది పెద్ద అప్పులు రాసి చిన్నవి మరచిపోతారు. మన ప్రాంతంలో జూన్, జులై నెలల్లో తోతాపురి మామిడి కోతలు జరిగేటప్పుడు, గుజ్జు ఫ్యాక్టరీ నుండి డబ్బు రాలేదని చెప్పి కాయలు కోసినవారి కూలిని వారాల తరబడి ఆపే అలవాటు విశ్వాసుల తోటల్లో కూడా ఉంది. యాకోబు 5వ అధ్యాయంలో తొలకరి, కడవరి వర్షాల కోసం ఓపికతో కనిపెట్టే రైతులా ప్రభువు రాకడ కోసం ఓపికపట్టండన్న 7వ వచనాన్ని మనం ఎంతో ఇష్టంగా చదువుతాము. దానికి మూడు వచనాల ముందే, కోత కోసినవారికి ఇవ్వకుండా బిగపట్టిన కూలి మొరపెడుతోందనీ, ఆ కేక సైన్యములకు అధిపతియగు ప్రభువు చెవులలో పడిందనీ ఉంది. ఆ రెండు వచనాలను కలిపి చదవకపోతే రైతు ఓపికను గురించి ప్రసంగించే అర్హత మనకు లేదు. కూలి బాకీ మొదటి వరుసలో రాయండి. పాడుకున్నాక కట్టడం మానేసిన చీటీ, భార్యకు తెలియకుండా చేసిన అప్పు, అవసరంలో ఉన్నవారి దగ్గర గుంజిన అధిక వడ్డీ, అద్దె ఇంటివారికి తిరిగి ఇవ్వని అడ్వాన్సు, అర్హత లేకుండా తీసుకుంటున్న ప్రభుత్వ పింఛను, వీటన్నిటినీ రాయండి. రాసేటప్పుడు చెయ్యి ఆగిన చోటనే ఎక్కువ సేపు ప్రార్థించవలసి ఉంటుంది.

రాసిన తరువాత తీర్చడం ఎలా? ఒక్కసారిగా చెల్లించగలిగితే చెల్లించండి. చెల్లించలేకపోతే ఆ మనిషి దగ్గరకు మీరే వెళ్లి, ఎంత ఉందో ఒప్పుకొని, ఏ నెల నుండి ఎంతెంత ఇస్తారో చెప్పి, మొదటి కొంత సొమ్మును ఆ దినమే చేతిలో పెట్టండి. అడిగించుకోకుండా వెళ్లడంలోనే పశ్చాత్తాపం ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. అప్పిచ్చినవారు చనిపోయి ఉంటే వారి పిల్లలకు ఇవ్వండి. ఎవరూ లేకపోతే బీదలకు ఇవ్వండి, కానీ సంఘంలో లేచి నిలబడి ఆ సంగతి చెప్పుకోకండి. తీరిన వరుస మీద గీత కొట్టండి. ఈ పని ఒక నెలలో పూర్తి కాదు, కొందరికి రెండు మూడేళ్లు పడుతుంది. సగంలో ప్రభువు వస్తే ఏమవుతుందని ఒక సహోదరి నన్ను కన్నీటితో అడిగింది. రక్షణ కృపవలన కలిగేదే గాని అప్పులు తీర్చడంవలన కలిగేది కాదు, తీర్చే దారిలో ఉన్న దాసుని ప్రభువు ఎరుగునని ఆమెకు చెప్పాను, మీకూ అదే చెబుతున్నాను.

కుడి పేజీ దగ్గరకు వస్తే, మత్తయి 5:23-24 ప్రకారం కానుకను బలిపీఠం ఎదుటనే విడిచి ముందు సహోదరునితో సమాధానపడాలి. మన ఇళ్లలో ఈ వరుసల్లో ఎక్కువగా కనబడేది అన్నదమ్ముల భూమి పంపకం. ఒకే చర్చిలో ఇద్దరు అన్నదమ్ములు చెరొక వైపు కూర్చొని, పదేళ్లుగా ఒకరి ఇంట్లో పెళ్లికి ఒకరు పోకుండా, ఇద్దరూ ‘ప్రభువా త్వరగా రమ్ము’ అని పాడడం నేను చూశాను, ఆ పాట వింటున్నప్పుడు నాకు భయం వేసింది. వెళ్లేటప్పుడు ఫోను చేసి సరిపెట్టుకోకండి, మనిషిగా వెళ్లండి. మధ్యవర్తిని మొదటిసారే తీసుకుపోకండి, ఎందుకంటే ఆయన రాగానే మళ్లీ పంచాయితీ మొదలవుతుంది. గట్టు ఎవరిదన్న మాట ఎత్తకుండా, ‘అన్నా, నేను లెక్క తేల్చుకోవడానికి రాలేదు, ఆ దినం నేను అన్న మాట తప్పు, క్షమించమని అడగడానికి వచ్చినా’ అని చెప్పి ఆగండి. ‘నీవు కూడా అన్నావు’ అన్న మాట నాలుక చివరకు వస్తుంది. దానిని అక్కడే ఆపడం ఆ పనిలో కష్టమైన భాగం. వదినమ్మ కాఫీ ఇస్తే తాగి రండి. తలుపు తెరవకపోతే ఇంకొక పండుగకు మళ్లీ వెళ్లండి. భూమి వ్యాజ్యం కోర్టులో ఉంటే అది చట్ట ప్రకారం సాగవచ్చు, ద్వేషం మాత్రం దానితోపాటు సాగకూడదు.

ఇదే పేజీలో మీ కింద పనిచేసేవారిని కూడా చేర్చండి. మత్తయి 24వ అధ్యాయం చివర చెడ్డ దాసుడు రాకడ సిద్ధాంతాన్ని కాదనలేదు. నా యజమానుడు ఆలస్యం చేస్తున్నాడని మనస్సులో అనుకొని తోటి దాసులను కొట్టడం మొదలుపెట్టాడు. నమ్మకమైనవాడేమో వేళకు ఇంటివారికి అన్నం పెట్టాడు. రాకడను మరచిపోవడం మొట్టమొదట బయటపడేది పనిమనిషితో, ట్రాక్టరు డ్రైవరుతో, కోడలితో మనం మాట్లాడే తీరులో.

పిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఉన్నట్టుండి అమ్మానాన్నలు ఎత్తబడి తాము మాత్రం ఒంటరిగా మిగిలిపోతామని భయపడి, బడి నుండి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ కనబడక వెక్కి వెక్కి ఏడ్చిన పిల్లలను నేను ఎరుగుదును. భయపెట్టే చిత్రాలు, అగ్ని వీడియోలు వారికి చూపకండి. వస్తున్నవాడు చిన్నబిడ్డలను ఎత్తి కౌగిలించుకొని ఆశీర్వదించిన యేసే అని ముందు చెప్పండి. తీర్పును గురించి చెప్పవలసిన వయస్సులో చెప్పండి, చెప్పినప్పుడు మీ కంఠంలో ప్రేమ వినబడాలి.

పని మానకండి. థెస్సలొనీకలో కొందరు ప్రభువు దినం వచ్చేసిందన్న మాట విని కలవరపడ్డారు. అదే సంఘంలో కొందరు పని మాని పరుల జోలికి పోతూ తిరిగేవారు. పనిచేయనొల్లనివాడు భోజనం చేయకూడదని పౌలు వారికి గట్టిగా రాశాడు. తలాంతుల ఉపమానంలో ఒక తలాంతు అంటే ఆనాటి కూలివాని సుమారు ఇరవై ఏండ్ల కూలి. అంత సొత్తును దాసుల చేతిలో పెట్టి వెళ్లిన యజమానుడు దానిని గుంటలో దాచినవానిని మెచ్చలేదు. వేరుశనగ విత్తవలసిన పదునులో విత్తండి, డిగ్రీ చదివే అమ్మాయిని చదివించండి, బ్యాంకు వాయిదా కట్టండి. పెళ్లిళ్లు చేయండి, కానీ లూకా 21:34 హెచ్చరించిన ఐహిక విచారాలు హృదయాన్ని బరువెక్కించేంతగా పెళ్లికి అప్పు చేయకండి.

మత్తయి 25వ అధ్యాయం మూడు భాగాలు: కన్యకలు, తలాంతులు, చివరకు రాజు నీతిమంతులను గొర్రెలుగా, మిగిలినవారిని మేకలుగా వేరుచేసే తీర్పు. ఆ చివరి భాగంలో రాజు అడిగినవి ఆకలి, దప్పిక, బట్టలేమి, రోగం, చెర, పరదేశితనం. ఒకప్పటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె దగ్గర, క్షయకు మందు కనిపెట్టని రోజుల్లో, వేర్వేరు మిషన్లు కలిసి 1915లో ఆరోగ్యవరం ఆస్పత్రిని ప్రారంభించాయి. రోగి దగ్గితే ఇంటివారే దూరంగా జరిగిన ఆ కాలంలో అక్కడ సేవచేసినవారు ‘ఆయన తిరిగి వచ్చును’ అని ప్రతి ఆదివారం ఒప్పుకున్నవారే. ఆ ఒప్పుకోలు వారిని కొండమీద కూర్చోబెట్టలేదు, మంచాల పక్కకు పంపింది. మీరు నెలకు ఒక దినం నిర్ణయించుకోండి. తిరుపతిలో ఉంటే రుయా ఆస్పత్రి ఆవరణలో రోగులతో వచ్చి ఆరుబయట పడుకునేవారికి రాత్రి భోజనమో, చలికాలంలో దుప్పటో తీసుకువెళ్లండి. పంచేటప్పుడు ఫొటోలు తీయకండి, కరపత్రం తీసుకుంటేనే పొట్లం అన్న షరతు పెట్టకండి. ఆ రాజు తాను ఎవరి రూపంలో నిలబడ్డాడో గొర్రెలకు కూడా ముందుగా తెలియలేదు.

తిరుపతిలో నివసించే మనకు ఇంకొక బాధ్యత ఉంది. మన చుట్టూ ఉన్నవారిలో ఎక్కువమంది వేంకటేశ్వరుని భక్తులు, దేశం నలుమూలల నుండి యాత్రికులు వచ్చే ఊరు ఇది. తిరుమలలో ఇతర మతప్రచారం నిషిద్ధం. ఆ నియమాన్ని మనస్ఫూర్తిగా పాటించండి. పక్కింటి తాతగారికి అర్ధరాత్రి ఆయాసం వస్తే ఆటో పిలిచేది మీరై ఉండాలి. మీ నిరీక్షణను గురించి వారు అడిగినప్పుడు, 1 పేతురు 3:15 చెప్పినట్టు సాత్వికంతోను భయంతోను జవాబు చెప్పండి.

ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే సంస్కారానికి, క్రమంగా రండి. ఆ రొట్టె తిని ఆ పాత్రలోనిది తాగినప్పుడెల్లా ప్రభువు వచ్చువరకు ఆయన మరణాన్ని ప్రచురిస్తున్నామని 1 కొరింథీయులకు 11:26లో ఉంది. అంటే నెలనెలా మన చేతికి అందే ఆ చిన్న ముక్కలోనే రాకడ ఎదురుచూపు ఉంది. సంస్కారపు ఆదివారానికి ముందు శనివారం రాత్రి నోటు పుస్తకం ఒకసారి తెరవండి.

అరవై దాటినవారికి ఒక మాట. ప్రభువు రాకముందే మనం ఆయన దగ్గరకు వెళ్లవచ్చు, అదీ సిద్ధపాటులో భాగమే. ఆస్తి ఎలా పంచాలో వీలునామా రాసి పెట్టండి, మీ తరువాత పిల్లల మధ్య గొడవకు కారణం మీరు కాకండి. సమాధి ఖర్చుకు కొంత విడిగా ఉంచండి. మీ నోట ఎన్నడూ క్షమాపణ వినని కొడుకో కూతురో ఉంటే ఈ వారంలోనే పిలిపించుకోండి. ఇది వాయిదా వేసి, మాట పడిపోయాక కళ్లతో మాత్రమే అడగవలసి వచ్చిన ఒక తండ్రి మంచం పక్కన నేను కూర్చున్నాను.

రాత్రి పడుకునే ముందు దీపం ఆర్పక మునుపు అయిదు నిమిషాలు కేటాయించండి. పగలు ఎవరినైనా నొప్పించారేమో తలచుకొని, రేపు ఉదయం మొదట కలవవలసిన మనిషి పేరు పుస్తకంలో రాసి, ఇంటివారి పేరు పేరునా ప్రార్థించి, బైబిలులో చివరి ప్రార్థన అయిన ‘ఆమేన్, ప్రభువైన యేసూ, రమ్ము’ అన్న మాటను అందరూ కలిసి పలకండి. తరువాత నాలుగు గంటలకు పాలు పిండవలసినవారు అలారం పెట్టుకొని నిద్రపోండి.